నగరాన్ని చల్లబరిచే కొలువులు

ఎండ, వాన, మురుగు, చెత్త, చెట్టు, కరెంటు. నగరం ఏడాది పొడవునా ఎదుర్కొనే ఈ ఆరింటి చుట్టూ అల్లుకున్నదే పట్టణ పర్యావరణ రంగం. ఒక్కోదానికీ ఒక్కో చదువు, ఒక్కో పరీక్ష, ఒక్కో రకం యజమాని ఉంటారు. పేరులో ‘ఎన్విరాన్‌మెంట్’ ఉంటే చాలనుకుని ఏదో ఒక కోర్సులో చేరిన విద్యార్థులు డిగ్రీ చేతికొచ్చాక ఏ పనికి దరఖాస్తు చేయాలో తోచక ఇబ్బంది పడుతుంటారు. ముందు సమస్యను ఎంచుకుని, ఆ తర్వాత దానికి తగిన చదువు వెతుక్కుంటే ఈ అయోమయం చాలావరకు తప్పుతుంది.

చెట్ల విషయంలో విశాఖపట్నం అనుభవం పెద్ద పాఠం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను దెబ్బకు ఆ నగరంలో వేల చెట్లు నేలకొరిగాయి. పోయిన నీడను త్వరగా తెచ్చుకోవాలన్న ఆత్రంలో రోడ్ల వెంట విరివిగా నాటిన వాటిలో ఏడాకుల పాల ఒకటి. అది తొందరగా ఎదుగుతుంది, పశువులు ముట్టవు, ఆకు గుబురుగా ఉంటుంది. అయితే చలికాలం మొదట్లో పూత వచ్చేసరికి ఆ ఘాటు వాసన భరించలేకపోతున్నామని, ఊపిరి ఇబ్బందిగా ఉంటోందని స్థానికులు ఫిర్యాదు చేశారు. కోనోకార్పస్‌దీ ఇంచుమించు ఇదే కథ. కొద్దిపాటి నీటితో ఏడాదంతా పచ్చగా కనిపిస్తుంది కాబట్టి డివైడర్ల మీద వరుసలు వరుసలుగా నాటారు. దాని వేళ్లు పైపులైన్లలోకి చొరబడతాయని, పుప్పొడి అలర్జీకి కారణమవుతుందని ఆందోళన రేగాక తెలంగాణలో దాన్ని నాటడం ఆపేశారు. నాటడానికి ఒక ఖర్చు, తీసేయడానికి మరో ఖర్చు. ఫుట్‌పాత్ వెడల్పు ఎంత, పైన కరెంటు తీగలున్నాయా, కింద మట్టి ఎంత లోతు ఉంది, అక్కడ కానుగ పనికొస్తుందా, పొగడ పనికొస్తుందా అని చూసి చెప్పగలిగిన మనిషి పక్కనుంటే ఈ రెండు ఖర్చులూ మిగులుతాయి. ఉద్యాన, అటవీ, ల్యాండ్‌స్కేప్ చదువులు నేర్పేది ఈ చూపునే.

ఇంటర్‌లో బైపీసీ చదివినవారు ఎప్‌సెట్ ద్వారా నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్‌లో చేరవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఇందుకు ప్రసిద్ధం. అదే ములుగులోని అటవీ కళాశాల, పరిశోధన సంస్థలో బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఉద్యాన డిప్లొమా చేసినవారికి నర్సరీలు, పార్కుల నిర్వహణ కాంట్రాక్టర్ల దగ్గర పని దొరుకుతుంది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ కావాలనుకునేవారు ఐదేళ్ల బీఆర్క్ పూర్తి చేసి, ఆపై పీజీలో ఆ విభాగం తీసుకోవాలి. హైదరాబాద్‌లో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వెంట పెంచిన పచ్చదనానికి 2022లో దక్షిణ కొరియాలోని జెజులో ప్రపంచ హరిత నగర పురస్కారం వచ్చింది. అంత పొడవునా మొక్కలకు నీరు, ఎరువు, కత్తిరింపు చూసే పని ఏ సీజన్‌లోనూ ఆగదు. ఈ విభాగంలో ఎక్కువ మందికి ఉపాధి దొరికేది నాటిన దాన్ని నిలబెట్టే పనిలోనే.

ఏ చెట్టు ఎక్కడ ఉండాలో చెప్పడానికి ముందు అక్కడ చెట్టుకు చోటు మిగలాలి. ఆ చోటును మిగిల్చేది మాస్టర్ ప్లాన్. నాలుగేళ్ల బీప్లానింగ్ గురించి తెలుగు విద్యార్థుల్లో తెలిసినవారు తక్కువ. ఎంపీసీ విద్యార్థులు జేఈఈ మెయిన్ పేపర్-1 రాసి ఊరుకుంటారు. బీఆర్క్‌కు పేపర్-2ఏ, బీప్లానింగ్‌కు పేపర్-2బీ వేరుగా ఉంటాయి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బీప్లానింగ్‌తోపాటు పర్యావరణ ప్రణాళికలో పీజీ కూడా ఉంది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ) మరో మంచి చిరునామా. చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) గీత ఎక్కడ పడుతుంది, బఫర్ జోన్ ఎంత, నాలా సహజంగా ఎటు పారుతుంది అన్నవి తేల్చడానికి జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) వచ్చినవారు కావాలి. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌ను డిగ్రీలో ఉండగానే సాధన చేయవచ్చు. సివిల్ డిప్లొమా, ఆర్కిటెక్చర్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమా ఉన్నవారికి పురపాలక సంఘాల్లో టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులు ఉంటాయి. తెలంగాణలో 2022లో ఇలాంటి 175 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఇలాంటి నోటిఫికేషన్లు ఏటా రావు కాబట్టి వాటి కోసమే ఖాళీగా కూర్చోవడం తగదు.

నీటి పనికి హైదరాబాద్‌కు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. ఆ ఆలోచన నుంచే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడం, తాగునీరు ఇవ్వడం రెండూ ఒకే కట్టడంతో సాధించిన ఆ చూపు నేటి ఇంజినీర్లకూ అవసరమే. 2020 అక్టోబరు వానలకు అనేక కాలనీలు మునిగినప్పుడు లోపించింది అదే. చెరువు అలుగు నుంచి కింది చెరువుకు నీరు పోయే దారి ఇళ్లతో మూసుకుపోతే పైపు ఎంత పెద్దది వేసినా చాలదు. సివిల్ ఇంజినీరింగ్ తర్వాత పర్యావరణ ఇంజినీరింగ్ లేదా జలవనరుల్లో ఎంటెక్ చేసినవారు డ్రైనేజీ డిజైన్, చెరువుల పునరుద్ధరణ, మురుగునీటి శుద్ధి పనుల్లోకి వెళ్లవచ్చు. గేట్‌లో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజినీరింగ్‌కు విడిగా పేపర్ ఉంది. రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్, ఎనలిస్ట్ ఉద్యోగాలూ ఉంటాయి. పెద్ద అపార్టుమెంట్లలో, ఆసుపత్రుల్లో సొంత శుద్ధి ప్లాంట్లు నడుస్తున్నాయి. కెమిస్ట్రీ డిగ్రీ లేదా డిప్లొమాతో నీటి నమూనా తీసి, బీఓడీ (నీటిలోని సేంద్రియ మలినాన్ని తేల్చే) పరీక్ష చేసి, మోటారు చప్పుడును బట్టి తేడా పసిగట్టగల ఆపరేటర్‌ను ఏ నిర్వాహకుడూ వదులుకోడు.

భవనాల విషయంలో హైదరాబాద్‌కు ఉన్న అనుకూలత మరే తెలుగు పట్టణానికీ లేదు. సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2004లో ఇక్కడే ప్రారంభమైంది. అమెరికా వెలుపల హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన తొలి భవనం అదే. భవనాలకు హరిత రేటింగ్ ఇచ్చే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ (ఐజీబీసీ) అక్కడి నుంచే పనిచేస్తుంది. ఆ సంస్థ నిర్వహించే అక్రెడిటెడ్ ప్రొఫెషనల్ పరీక్షను ఆర్కిటెక్చర్, ఇంజినీరింగ్ చదువుతుండగానే రాయవచ్చు. సర్టిఫికెట్ ఒక్కటే ఉద్యోగం ఇవ్వదు. గోడ మందం, కిటికీ దిశ, అద్దం రకం మారితే ఏసీ లోడు ఎంత తగ్గుతుందో లెక్క వేసి చూపగలిగితేనే దానికి విలువ. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ జాతీయ పరీక్ష ద్వారా ఎనర్జీ మేనేజర్లు, ఆడిటర్లను ధ్రువీకరిస్తుంది. దానికి చదువుతోపాటు పని అనుభవమూ కావాలి కాబట్టి అది రెండో మెట్టు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ప్రభుత్వ భవనాలకు, 600 చదరపు గజాలు దాటిన స్థలాల్లోని ఇళ్లకు చల్లని పైకప్పును తప్పనిసరి చేసింది. ఎండను తిప్పికొట్టే పూత వేయడం పెయింటింగ్ మేస్త్రీ కూడా కొద్దిపాటి శిక్షణతో నేర్చుకోగల పని. రేకుల ఇళ్లలో ఉండేవారికి మే నెలలో దాని విలువ తెలుస్తుంది.

చెత్త రంగాన్ని చిన్నచూపు చూసే అలవాటు వదులుకోవాలి. ఇందోర్‌లో రోజుకు 550 టన్నుల తడి చెత్తతో నడిచేలా కట్టిన బయో సీఎన్‌జీ ప్లాంటు 2022లో మొదలైంది. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో స్వయం సహాయక సంఘాల మహిళలే ఇంటింటా చెత్త సేకరించి, రకరకాలుగా వేరుచేసి అమ్ముతారు. యంత్రాలతో ఒకటి, చేతులతో ఒకటి. రెండింటికీ పునాది ఇంటి గుమ్మం దగ్గరే తడి, పొడి వేరుకావడం. అందుకే ఈ రంగంలో ఇంజినీర్‌తోపాటు జనంతో మాట్లాడగలిగినవారికీ చోటుంది. సోషల్ వర్క్ చదివినవారు ఈ సంగతి గుర్తించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలతోపాటు వచ్చిన శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ ఉద్యోగం సాంకేతిక జ్ఞానం, జనంతో మాట్లాడే నేర్పు రెండూ అడిగేదే.

సౌర విద్యుత్తులో ఐటీఐ వారికి తలుపు తెరిచే ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. 3 కిలోవాట్ల ప్లాంటుకు రూ.78,000 వరకు రాయితీ ఇస్తారు. ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ ట్రేడ్‌లు చదివినవారికి జాతీయ సౌరశక్తి సంస్థ ‘సూర్యమిత్ర’ పేరుతో సుమారు మూడు నెలల శిక్షణను దేశమంతటా భాగస్వామ్య సంస్థల ద్వారా ఇస్తోంది. ప్యానెళ్లు బిగించడంతో పని అయిపోదు. దుమ్ము తుడవడం, ఇన్వర్టర్ చూడడం, నెట్ మీటరింగ్ కాగితాలు నడపడం ఉంటాయి కాబట్టి మండల కేంద్రంలోనూ సొంతంగా నిలదొక్కుకోవచ్చు.

నివేదికలు రాసే పని మరో దారి. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. గాలి, నీరు, శబ్దం, జీవజాలం మీద నివేదికలు రాసే కన్సల్టెన్సీలు ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం, వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివినవారిని తీసుకుంటాయి. నివేదిక రాయించుకున్నవారికి నచ్చేలా అంకెలు దిద్దమనే ఒత్తిడి ఇక్కడ రావచ్చు. చెరువు పక్కన ఉండబోయే కుటుంబాల క్షేమం ఆ అంకెల మీదే ఆధారపడి ఉంటుంది.

తొలి ఉద్యోగానికి బాగా పనికొచ్చేది సొంత ఊళ్లో చేసిన చిన్న అధ్యయనం. ఒక వార్డులో ఎన్ని చెట్లున్నాయి, ఏ జాతివి, వానొస్తే నీరు ఎక్కడ నిలుస్తుంది, ఇంకుడు గుంతల్లో ఎన్ని నిజంగా పనిచేస్తున్నాయి అని రెండు నెలలు తిరిగి, పటం గీసి, ఫొటోలతో పెట్టుకున్న విద్యార్థికి ఇంటర్వ్యూలో చెప్పడానికి సరుకు ఉంటుంది. హైదరాబాద్‌లోని ఈపీటీఆర్ఐ (పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ) వంటి సంస్థల స్వల్పకాలిక శిక్షణలు దీనికి తోడవుతాయి.

ఈ కొలువుల్లో చాలావరకు ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు పద్ధతిలో ఉంటాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌తో పోల్చదగ్గది కాదు. చేరేముందు పీఎఫ్, ఈఎస్‌ఐ, ప్రమాద బీమా ఉన్నాయో లేదో, కాంట్రాక్టు ఎన్నాళ్లదో కాగితం మీద చూసుకోవాలి. మురుగునీటి పనుల్లో చేరే టెక్నీషియన్లు మరో విషయం తెలుసుకోవాలి: రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నిషేధించింది. దిగనని చెప్పే హక్కు కార్మికుడిది, దించబోనని చెప్పే బాధ్యత సూపర్‌వైజర్‌ది.