బండి ఆగినా లోపల మెదడు ఆగదు

బైక్ ప్రమాదంలో దెబ్బతిన్న యువకుణ్ణి ఆసుపత్రికి తెచ్చినప్పుడు బంధువులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "తలమీద పెద్ద గాయమేమీ లేదు, రక్తం కూడా రాలేదు. మరి పిల్లవాడు కళ్లెందుకు తెరవడం లేదు?" దీనికి జవాబు తెలిస్తే వేగం గురించిన తక్కిన సంగతులన్నీ సులభంగా అర్థమవుతాయి.

మెదడు చాలా మెత్తని అవయవం. పుర్రె అనే గట్టి పెట్టెలో, నీటివంటి ద్రవం మధ్య తేలుతున్నట్టు ఉంటుంది. బండి దేనినైనా గుద్దుకున్నప్పుడు బండి ఆగుతుంది, మనిషి ఆగడు. మనిషి తల రోడ్డుకో స్తంభానికో తగిలి ఆగుతుంది, లోపల మెదడు ఆగదు. అది వెళ్లి పుర్రె గోడకు కొట్టుకుంటుంది. అందుకే దెబ్బ ఒకవైపు తగిలితే దానికి ఎదుటివైపున కూడా మెదడు కమిలిపోవచ్చు. తల ఒక్కసారిగా మెలితిరిగితే లోపలి సన్నని నరాల పోగులు సాగి తెగిపోతాయి. ఇవి మొదటి స్కానింగులో స్పష్టంగా కనబడకపోవచ్చు కూడా. పుర్రె లోపల రక్తం చేరినా, వాపు వచ్చినా అది పోవడానికి చోటు లేదు. ఒత్తిడంతా మెదడు మీదనే పడుతుంది. ప్రమాదం జరిగిన వెంటనే లేచి నిలబడి, "నాకేం కాలేదు" అని మాట్లాడినవారు కొన్ని గంటల తర్వాత స్పృహ తప్పడానికి కారణం ఇదే.

వేగం ఎంత పని చేస్తుంది?

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం సుమారు 6 మీటర్ల ఎత్తునుండి, అంటే రెండంతస్తుల మేడ మీదనుండి పడటంతో సమానం. 60 కిలోమీటర్లయితే 14 మీటర్లు. 80 అయితే 25 మీటర్లు, అంటే దాదాపు ఎనిమిదంతస్తులు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లవుతుంది. డాబా పిట్టగోడ మీద కూర్చుంటేనే "దిగరా" అని కేకవేసే తల్లిదండ్రులం, అదే పిల్లవాడు హైవే మీద 80లో వెళితే "జాగ్రత్తగానే తోలతాడులే" అనుకుంటాం!

ఆగడం సంగతి కూడా చూడండి. ఎదుట గేదె కనిపించి, బ్రేకు మీద కాలు పడేలోపే ఒక సెకను గడిచిపోతుంది. 80 వేగంలో ఆ ఒక్క సెకనులోనే బండి 22 మీటర్లు ముందుకు పోతుంది. ఆ తర్వాత పొడిగా ఉన్న మంచి రోడ్డు మీద కూడా ఆగడానికి మరో 35 మీటర్లు కావాలి. అదే 40 వేగంలో మొత్తం 20 మీటర్లలో ఆగుతుంది. మన రోడ్ల మీద రాత్రివేళ లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు, ఆరబోసిన వడ్లు, రాంగు సైడులో వచ్చే ఆటోలు మామూలే. బైక్ లైటు డిమ్‌లో స్పష్టంగా చూపే దూరం చాలాసార్లు 57 మీటర్లకంటే తక్కువే.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 71 మరణాలకు అతివేగమే కారణం. చనిపోయినవారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్లినవారే.

కుర్రవాళ్లే ఎందుకు?

బైబిలులో రెండవ రాజుల గ్రంథం 9వ అధ్యాయం చదివినవారికి యెహూ గుర్తుంటాడు. రథం తోలే తీరును బట్టే కావలివాడు ఆయనను దూరంనుండి గుర్తుపట్టాడు. ఈనాడు కూడా సైలెన్సరు మోత వినే ఏ ఇంటి అబ్బాయి వస్తున్నాడో వీధి అంతా చెబుతుంది. ఇది కేవలం పొగరు కాదు. ముందువెనుకలు ఆలోచించి తొందరను అదుపుచేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి 25 ఏళ్ల వయసు దాకా పడుతుంది. వెనుక స్నేహితులు కూర్చుని ఉత్సాహపరిస్తే ఆ కొద్ది అదుపు కూడా తప్పుతుంది. కాబట్టి ఉపదేశంతోనే పని జరుగుతుందని మేము అనుకోము. తాళం ఎవరిచేతిలో ఉందన్నదే ముఖ్యం.

"టెన్త్ పాసైతే బండి కొనిస్తా" అనే మాట మన ఇళ్లలో మామూలైంది. చట్టప్రకారం గేరు బండికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లవారికి అనుమతి ఉన్నది 50 సి.సి. మించని గేరులేని బండికి మాత్రమే. మన వీధుల్లో తిరిగే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ అంతకంటే పెద్దవే. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేక బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు.

డబ్బు, పేరు ఉన్న ఇళ్లను కూడా ఈ దుఃఖం విడిచిపెట్టలేదు. 2011లో మాజీ క్రికెట్ కెప్టెన్ అజహరుద్దీన్ కుమారుడు, 19 ఏళ్లవాడు, హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డుపై బైక్ ప్రమాదంలో గాయపడి చనిపోయాడు. 2021లో నటుడు సాయి ధరమ్ తేజ్ కేబుల్ బ్రిడ్జి దగ్గర బైక్ జారి పడి రోజుల తరబడి స్పృహలేకుండా ఉన్నారు. ఆయన తలకు హెల్మెట్ ఉంది. కోలుకొని మళ్లీ నటిస్తున్నారు, హెల్మెట్ పెట్టుకోమని అభిమానులకు చెబుతున్నారు. హెల్మెట్ తలకు గాయమయ్యే అవకాశాన్ని చాలావరకు తగ్గిస్తుంది, కాని గడ్డం కింద పట్టీ బిగిస్తేనే. ట్యాంకు మీద పెట్టినదీ, మోచేతికి తగిలించినదీ పోలీసులను చూసి పెట్టుకోవడానికే పనికివస్తుంది. వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ ఉండాలి.

ప్రమాదం చూసినప్పుడు

108కి ఫోను చేయండి. స్పృహలేనివారికి నీళ్లు, సోడా పోయకండి. అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. మెడ వంచి, చేతులు కాళ్లు పట్టి ఆటోలో మడిచి పడుకోబెట్టవద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. సాయం చేసినవారిని పోలీసులు వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో అది చట్టంలో కూడా చేరింది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతం చేయకూడదు.

చిన్న దెబ్బే అని ఇంటికి పంపినా, మొదటి ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండండి. పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మత్తు, మాట తడబడటం, ఫిట్సు, ముక్కు లేక చెవినుండి నీరు కారడం: వీటిలో ఏది కనబడినా రాత్రి అయినా సరే తీసుకురండి.

ఇంటికి వెళ్లిన తర్వాత

ఎముక అతుక్కున్నట్టు మెదడు త్వరగా అతుక్కోదు. నెలల తరబడి మరపు, నిద్రలేమి, చిన్నదానికే కోపం, వాసన తెలియకపోవడం ఉండవచ్చు. "ఆసుపత్రినుండి వచ్చాక వీడు మారిపోయాడు" అని తల్లులు ఏడుస్తారు. అది అతని మొండితనం కాదు, గాయం. "ఎవడు తోలమన్నాడు నిన్ను?" అని రోజూ దెప్పవద్దు. ఫిట్సు మాత్రలు బాగున్నాడని మీరే ఆపకండి. నడవగలిగిన రోజే అతడు బండి అడుగుతాడు. తాళం ఇంట్లో ఎవరి దగ్గర ఉండాలో డిశ్చార్జికి ముందే మాట్లాడుకోండి. మళ్లీ ఎప్పుడు నడపవచ్చో రివ్యూకు వచ్చినప్పుడు డాక్టరుగారిని అతని ఎదుటనే అడగండి. అప్పుడు "వద్దు" అన్న మాట మీ నోటినుండి కాక ఆయన నోటినుండి వస్తుంది.