పెద్ద ఫొటో, చిన్న స్క్రీన్, చివర్లో అమ్మమ్మ

మా నేరేడ్‌మెట్‌కి దగ్గర్లోనే, సికింద్రాబాద్‌లో, 1880ల్లో లాలా దీన్ దయాళ్ స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. ఆ రోజుల్లో మామూలు పద్ధతి ఏంటంటే, గాజు పలక మీది నెగెటివ్‌ని రసాయనం పూసిన కాగితానికి ఆనించి ఎండలో పెట్టడం. పలక ఎంత ఉంటే ఫొటో అంతే వస్తుంది. పెద్ద ఫొటో కావాలంటే పెద్ద పలక, దానికి సరిపడా పెద్ద కెమెరా మోయాల్సిందే. (ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం దగ్గర ఉన్నాయి. 1989లో తీసుకున్నారు.)

అంటే సైజు తీసేవాళ్ల చేతిలో ఉండేది. వెబ్ గ్యాలరీలో అది చూసేవాళ్ల స్క్రీన్ చేతిలో ఉంటుంది. మనం చేయగలిగింది బ్రౌజర్‌కి సరైన సమాచారం ఇవ్వడమే.

ముందు లెక్క చూద్దాం. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో 6000 × 4000 పిక్సెళ్లు. జేపెగ్ ఫైల్ ఎంత చిన్నదైనా సరే, పూర్తిగా విప్పితే పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 96 ఎంబీ మెమరీ. 1080 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్‌కి కావాల్సింది 1080 × 720 మాత్రమే, అంటే 3 ఎంబీ చిల్లర. సీఎస్ఎస్‌లో వెడల్పు తగ్గిస్తే ఫొటో చిన్నగా కనిపిస్తుంది గానీ డౌన్‌లోడ్ అయ్యేది మొత్తం ఫైలే. రోజుకి ఇంత అని డేటా ప్యాక్ వాడే మనకి ఇది చిన్న విషయం కాదు.

అందుకే ఒకే ఫొటోని 480, 960, 1440, 2400 వెడల్పుల్లో సేవ్ చేసి, ఇమేజ్ ట్యాగ్‌లో ఎస్‌ఆర్‌సీసెట్ కింద అన్నీ ఇవ్వాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 'సైజెస్' కూడా రాయాలి. బ్రౌజర్ ఫొటోని ఎంచుకునే సమయానికి పేజీ లేఅవుట్ ఇంకా తయారై ఉండదు. ఫొటో ఎంత వెడల్పులో పడుతుందో మనం చెప్పకపోతే స్క్రీన్ మొత్తం అనుకుంటుంది. 360 వెడల్పు, డెన్సిటీ 3 ఉన్న ఫోన్‌లో అది 1080 అవుతుంది, బ్రౌజర్‌ని బట్టి 1440 ఫైల్ తెచ్చుకోవచ్చు. రెండు కాలమ్‌ల గ్రిడ్ అని చెబితే 540 చాలు, 960 ఫైల్ సరిపోతుంది. విడ్త్, హైట్ విలువలు కూడా ట్యాగ్‌లోనే ఇస్తే ఫొటో రాకముందే దాని చోటు రెడీగా ఉంటుంది, చదువుతున్న లైన్ కిందికి జారిపోదు.

ఇదంతా స్పీడ్ గోల. నాకు అసలు కోపం తెప్పించేది వేరే ఉంది.

మా గల్లీ బోనాల గ్రూప్ ఫొటోలో పన్నెండు మంది వరసగా నిలబడ్డారు. మా అమ్మమ్మ కుడివైపు చివర. గ్యాలరీ టెంప్లేట్లలో ఎక్కువగా కనిపించేది చదరపు గడి, దాంట్లో 'ఆబ్జెక్ట్-ఫిట్: కవర్'. 3:2 ఫొటోని చదరం చేస్తే వెడల్పులో మూడో వంతు పోతుంది, ఒక్కోవైపు ఆరో వంతు. పన్నెండు మందిలో అటు ఇద్దరు, ఇటు ఇద్దరు మాయం. ఇంట్లో ఫొటో ఓపెన్ చేసి "నేనేదిరా?" అని ఆమె అడిగితే 'గ్రిడ్ నీట్‌గా ఉండాలి అమ్మమ్మా' అని చెప్పగలమా? 'ఆబ్జెక్ట్-పొజిషన్' కుడికి జరిపితే అమ్మమ్మ వస్తుంది, ఎడమవైపు నలుగురు పోతారు. 'కంటైన్' పెడితే అందరూ ఉంటారు, పైన కింద ఖాళీ పట్టీలు వస్తాయి.

నా ఓటు వరసల పద్ధతికి. ప్రతి వరసకీ ఎత్తు ఒకటే, వెడల్పు మాత్రం ఫొటో నిష్పత్తిని బట్టి. ఫ్లెక్స్‌లో గ్రో విలువగా ఆ నిష్పత్తినే ఇచ్చి, బేసిస్ సున్నా పెడితే వరస నిండుతుంది, ఎవరినీ కోయదు. చివరి వరసలో ఒకటే ఫొటో మిగిలితే అది విపరీతంగా సాగుతుంది, దానికి గరిష్ఠ వెడల్పు పెట్టండి.

నొక్కితే తెరుచుకునే పెద్ద ఫొటోకి మ్యాక్స్-విడ్త్ 100 శాతం, మ్యాక్స్-హైట్ 90 వీహెచ్, విడ్త్, హైట్ రెండూ ఆటో. మ్యాక్స్-హైట్ లేకపోతే నిలువు ఫొటోలో తల చూడాలంటే పైకి, కాళ్లు చూడాలంటే కిందికి స్క్రోల్ చేయాలి. విడ్త్ 100 శాతం అని మాత్రం రాయకండి. పాత ఆల్బమ్‌లోంచి స్కాన్ చేసిన 600 పిక్సెళ్ల పెళ్లి ఫొటోని ల్యాప్‌టాప్ అంత సాగదీస్తే ముఖాలు మసకబారిపోతాయి. దాన్ని దాని సైజులోనే ఉండనివ్వండి.