విద్యార్థుల సంగీత పత్రిక: ఆచారం, అతిక్రమణ

సంగీత పత్రిక అనగానే పాఠకుడు కొన్ని గుర్తులు వెదకుతాడు. ముఖపత్రంపై తనవైపే చూచే గాయకుని పెద్ద చిత్రం, దానిపై పత్రిక పేరు, తేదీ, వెల. లోపల విషయసూచిక, ఒక ఇంటర్వ్యూ. ఇవి శాసనాలు కావు. దుకాణంలో వ్రేలాడే పలు పత్రికల మధ్య సంగీతానిదేదో దూరం నుండే తెలిపే అలవాట్లు.

1966 ఫిబ్రవరిలో అమెరికాలోని స్వార్త్‌మోర్ కళాశాల విద్యార్థి, పదిహేడేండ్ల పాల్ విలియమ్స్ ‘క్రాడాడీ’ని ప్రారంభించాడు. అవి సైక్లోస్టైల్ ప్రతులు. తారల చిత్రాలు, ముచ్చట్లు యువజన పత్రికలకు ప్రాణమైన ఆ రోజులలో అతడు వాటిని విడిచి, రికార్డులపై గంభీరమైన విమర్శకు పూనుకొన్నాడు. ‘రోలింగ్ స్టోన్’ వెలువడినది ఆ మరుసటి ఏడు, 1967 నవంబరులో. విలియమ్స్ అతిక్రమణకు కారణమున్నది. మన విద్యార్థి సంచికలలో కొన్ని తేదీ వేయడమే మరచిపోతాయి. అది స్వేచ్ఛ కాదు, అజాగ్రత్త.

ఆటోనగర్ విద్యార్థులు అటువంటి పత్రిక తలపెడితే ముఖపత్రం ఎవరిది? విశాఖలో పెరిగి, 1919లో స్థాపితమైన విజయనగరం సంగీత కళాశాలలో బోధించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని తీసుకొందాం. ఆయనకు చూపు మందం. కావున పాఠకుని వైపు చూచే కన్నులకు బదులు కమాను పట్టిన చేతిని ముద్రించడం సార్థకమైన అతిక్రమణ.

ఉర్దూ భాగం చేరితే మరొక ఆచారం తనంత తానే తప్పుతుంది. తెలుగు ఎడమనుండి, ఉర్దూ కుడినుండి సాగుతాయి గనుక పత్రికకు రెండు ముఖపత్రాలు, రెండు విషయసూచికలు కావాలి. 1971లో పద్మశ్రీ అందుకొన్న హైదరాబాదు ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ రెండవదానిపై ఉండవచ్చు. రెండు లిపులు ఎదురుపడే నడిమి పుటలో ఏమి వేయాలన్నది సంపాదకవర్గం తేల్చుకోవలసిన ప్రశ్న.