సంత మేకపిల్లలను మందలో కలిపే ముందు



ఆసుపత్రి పత్రికలో మేకల సంగతేమిటని అనుకోవచ్చు. మేము పశువైద్యులం కాము. కానీ వేలి మీద పుండుతో ఒక సోదరి మా దగ్గరకు వచ్చింది. సంతలో కొన్న మేకపిల్లలకు మూతి పుండ్లుంటే ఒట్టి చేత్తో తుడిచిందట. వాటిని ఆ సాయంత్రమే మందలోకి తోలింది. కొద్దిరోజులకే పాత పిల్లలకూ పుండ్లు లేచాయి. పాలు తాగలేక రెండు చనిపోయాయి. అప్పు మాత్రం మిగిలింది.

కొత్త పిల్లలను నెలరోజులు వేరే పాకలో, వేరే నీళ్లతొట్టితో ఉంచండి. ముందు పాత మందకు, ఆఖరున వీటికి మేత వేసి, సబ్బుతో చేతులు కడుక్కోండి. ఈలోగా పశువైద్యునికి చూపించి నట్టల మందు తాగించండి, పారుడు రోగం టీకా అడగండి. ముక్కు కారుతున్నా, విరేచనాలున్నా నెల గడిచినా కలపవద్దు.

కలిపేటప్పుడూ తొందరపడకండి. కొన్నాళ్లు దడికి అటూ ఇటూ ఉంచి వాసన పట్టనివ్వండి. ఒంటరి పిల్లను పెద్ద మేకలు కుమ్ముతాయి, మేత దగ్గరకు రానివ్వవు. అందుకే రెండు మూడింటిని కలిపి, ఇరుకు కొట్టంలో కాక పగటిపూట బీడులో వదలండి. మేత రెండు మూడు చోట్ల వేయండి. మరీ బక్క పిల్ల ఇంకొన్నాళ్లు రాత్రిపూట వేరుగా పడుకోవడమే మేలు.

ఆ సోదరి వేలు ఆరు వారాలకు మానింది. అది వైరస్ పుండు. కోయకూడదు, పసరు కట్టకూడదు, శుభ్రంగా కప్పి ఉంచాలి. అలాంటి మేకపిల్లను మీ బిడ్డలు ఎత్తుకోకుండా చూడండి. పుండుతో మా దగ్గరకు వస్తే, ఇంట్లో మేకలున్నాయని మొదటే చెప్పండి.