పెరటి తోట – పండుగ శోభ
ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంత రైతులకు కొన్ని సూచనలు

సంక్రాంతి ముందు ఏలూరు బజారులో బంతిపూలు కొనువారిలో పెరడున్న రైతులును కనబడుదురు. ఇంటివద్ద అయిదు సెంట్ల నేల తుమ్మమొక్కలతో నిండియుండును. చేతిసంచిలో మాత్రము కొన్న పూలు, కొన్న మామిడాకులు, వానితోబాటు ఒక ప్లాస్టిక్ తోరణము! పండుగ దాటిన మరునాడు ఆ ప్లాస్టిక్ మురుగు కాలువలో పడును. ఈ ప్రాంతపు మురుగు కాలువలు పెక్కు కొల్లేటికే చేరును. డబ్బు మన చేతినుండి పోయి, చెత్త మన చెరువునకే తిరిగి వచ్చుచున్నదన్న మాట.

వంటింటికి కావలసిన కూర, గుమ్మమునకు కావలసిన తోరణము ఒకే పెరటినుండి పొందవచ్చును. అయితే పండుగకు వారము ముందు తలచుకొన్న ప్రయోజనము లేదు. మూడు నెలల ముందే విత్తనము నేలలో పడవలెను.

ముందు మీ నేలను తెలిసికొనుడు

తాడేపల్లిగూడెమునకు ఉత్తరమున మెట్ట ప్రాంతములో ఎర్రనేల గలదు. అందు నీరు త్వరగా ఇంకిపోవును. కావున పాదులు పల్లముగా చేసి, ఎండుగడ్డితో గాని, ఆకులతో గాని మొదళ్లను కప్పవలెను. డెల్టాలోని నల్లరేగడి అట్లు కాదు. వానకు బురదయై, ఎండకు బీటలు వారును. అచ్చట మడులను అడుగున్నర ఎత్తుగా, మూడడుగుల వెడల్పుగా పోసి, నడుమ కాలువలు తీయవలెను.

కొల్లేటి అంచు గ్రామాలవారికి ఈ ఎత్తును చాలదు. 2024 సెప్టెంబరు తొలివారములో బుడమేరు పొంగి, ఆ నీరు కొల్లేటిలో చేరి లంక గ్రామాల దారులను ముంచినది. ఆ నెల 7వ తేదీ వినాయక చవితి. నేలమీది పెరడు అట్టి సమయమున నిలువదు. కావున లంక గ్రామములలో మడులను రెండు మూడడుగుల ఎత్తు లేపి, అంచులకు తాటిమట్టలు అడ్డు పెట్టుడు. మిరప, వంగ, టమాటాలలో కొన్నింటిని పాత సిమెంటు సంచులలో, పగిలిన బకెట్లలో పెంచుడు. అడుగున రంధ్రములు చేసి, మట్టి, ఇసుక, చివికిన ఎరువు సమపాళ్లలో నింపిన చాలును. నీరు వచ్చుచున్నదని తెలియగానే వానిని మేడమీదికి ఎక్కింపవచ్చును. విత్తనములను బాగుగా ఎండబెట్టి, బూడిద కలిపి సీసాలో పోసి అటకమీద ఉంచుడు. వరద తీసిన తరువాత తోటకూర, మెంతికూర చల్లినచో నెలరోజులలో కూర చేతికి వచ్చును. వరదనీరు తగిలిన పాత ఆకుకూరలను మాత్రము తినరాదు.

మరియొక జాగ్రత్త. రొయ్యల చెరువులోని ఉప్పునీటిని పెరటికి పెట్టకుడు. చిక్కుడు జాతి మొక్కలు ఉప్పును ఓర్వలేవు. బోరు నీటిపై సందేహమున్నచో పరీక్ష చేయింపుడు. విద్యుద్వాహకత 0.75 లోపున్న నీరు నిర్భయముగా వాడవచ్చును, 2.25 దాటినది కూరతోటకు పనికిరాదు.

గుర్రపుడెక్క – ఖర్చులేని ఎరువు

కాలువలను పూడ్చివేయు గుర్రపుడెక్కను శత్రువుగా చూచుట సహజమే. కాని దానిని ఎరువుగా మార్చవచ్చును. అందు నూటికి తొంబది పాళ్లకు పైగా నీరే గనుక, గట్టుమీద నాలుగైదు దినములు వాడనిచ్చి ముక్కలు చేయుడు. అడుగు మందమున డెక్క, దానిపై పేడనీరు, కొద్దిగా మట్టి – ఇట్లు పొరలుగా పేర్చి, పైన మట్టితో మెత్తి, నెలకొకసారి తిరుగవేసినచో మూడు నెలలకు ఎరువు సిద్ధమగును. పూత పట్టకముందే డెక్కను తీయుట మంచిది. లేనిచో గింజలు ఎరువుతోబాటు వ్యాపించును. కర్మాగారముల మురుగు పారు కాలువలోని డెక్కను వాడరాదు. అది విష లోహములను పీల్చుకొనియుండును.

కిక్కిసతో దడి కట్టదలచినవారు ఒక విషయము గుర్తుంచుకొనవలెను. కొల్లేటిలో +5 కాంటూరు వరకు 1999 నుండి వన్యప్రాణి అభయారణ్యము. 2002లో ఈ సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రాంసార్ స్థలముల పట్టికలో చేరినది. అచ్చటి కిక్కిస, జమ్ము పక్షులకు నీడ. దడికి తాటిమట్టలు, కొబ్బరిమట్టలు మన ఊరిలోనే గలవు.

తొలకరి నుండి చవితి వరకు

జూనులో తొలకరి పడగానే బీర, పొట్ల, ఆనప విత్తనములు పెట్టి పందిరి వేయుడు. అదే అదనులో చామంతి పిలకలు నాటుడు. చామంతి పగటి పొద్దు తగ్గిన తరువాతనే మొగ్గ తొడుగును. కనుక రాత్రంతయు వీధి దీపపు వెలుగు పడుచోట నాటినచో పూత ఆలస్యమగును. జులై, ఆగస్టులలో పందిరి చిక్కుడు పెట్టుడు.

వినాయక చవితికి రంగు బొమ్మ కొననక్కరలేదు. చేలోని నల్లమట్టిని రాళ్లు ఏరి, నానబెట్టి, కొద్దిగా ఊక కలిపి పిసికినచో బొమ్మ బీటలు వారదు. దానిని నీడన ఆరనీయవలెను. పాలవెల్లిని వెదురు బద్దలతో పిల్లలే కట్టగలరు. మొక్కజొన్న పొత్తు, వెలగకాయ, జామకాయ, లేత సీతాఫలము అరటినారతో వ్రేలాడదీసిన అంతకు మించిన అలంకారము లేదు. పూజ ముగిసిన పత్రిని ఎరువు గుంటలో వేయుడు. మట్టిబొమ్మను బకెట్టు నీటిలో కరగించి ఆ నీటిని చెట్ల మొదళ్లకు పోయుడు.

బంతి లెక్క

బంతి విత్తిన 25–30 దినములకు నారు ఎదుగును. నాటిన 40–50 దినములకు పూయును. కనుక దసరాకు పూలు కావలెనన్న జులై రెండవ పక్షములోను, సంక్రాంతికి కావలెనన్న అక్టోబరు మొదటి పక్షములోను నారు పోయవలెను. ఈ లెక్కను గోడమీది పంచాంగములో గుర్తుపెట్టుకొన్నచో బజారు పని తప్పును.

బంతి పూలకు మాత్రమే కాదు. టమాటా మడుల చుట్టు నాటినచో కాయతొలుచు శనగపచ్చ పురుగు తల్లి రెక్కలపురుగులు బంతిపూల మీదనే గ్రుడ్లు పెట్టును. ఆ పూలను ఏరి నాశనము చేసిన టమాటా బాగుపడును. అప్పటికిని పురుగు కనబడినచో, వేపగింజల పప్పును పొడిచేసి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రి నానబెట్టి, ఉదయము వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంకాలము చల్లుడు.

సంక్రాంతి, రథసప్తమి

గొబ్బెమ్మలకు గుమ్మడిపూలు కోయునపుడు పిల్లలకు ఒక మాట చెప్పుడు. పూవు క్రింద చిన్న పిందె ఉన్నది ఆడపూవు. దానిని కోసినచో కాయ పోయినట్లే. సన్నని పొడవు కాడపై నిలిచినది మగపూవు, దానిని కోయవచ్చును. అయినను తీగకు కొన్ని మగపూలు ఉంచవలెను; అవి లేనిదే కాయ నిలువదు.

మామిడాకుల విషయమునను ఇట్టి జాగ్రత్తయే అవసరము. సంక్రాంతి నాటికి మామిడి పూతకు సిద్ధమై యుండును. కొమ్మల చివరలు విరువక, లోపలి నీడ కొమ్మల ముదురాకులను ఒక్కొక్కటిగా కోయుడు. గుమ్మమునకు నిలుపు అరటి బోదెలకై గెల కోసిన చెట్లనే వాడుడు. తోరణమునకు నారయు ఆ బోదెనుండియే వచ్చును.

ఎండిన గొబ్బి పిడకలను దాచినచో రథసప్తమినాడు పరమాన్నము వండుటకు పనికివచ్చును. చిక్కుడు కాయలు, కొబ్బరి ఈనెలతో రథము, చిక్కుడాకులలో ప్రసాదము – జులైలో పెట్టిన తీగయే ఆనాటి పండుగనంతయు జరిపించును.

వేసవి, గోడల పని

ఉగాదికి ముందే గోడలకు సున్నము వేయుడు. సున్నపు గడ్డలను నీటిలో వేసినపుడు అది మరిగి చిందును గనుక పిల్లలను దూరముగా ఉంచవలెను. మరునాడు వడకట్టి, గంజినీరు, చారెడు ఉప్పు కలిపి రెండు పూతలు వేసినచో గోడ తెల్లగా నిలుచును. అడుగు భాగమున ఎర్రమట్టి పట్టీ తీర్చినచో వాన చిందిన మరకలు కనబడవు. శ్రీరామనవమికి వేసిన తాటాకు పందిరిని వెంటనే విప్పక, దాని నీడలో తోటకూర, పాలకూర మడులు వేసినచో మే ఎండలోను ఆకుకూర దొరకును.

ఎంతవరకు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారము పెద్దవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావలెను. అయిదుగురున్న ఇంటికి రెండు కిలోలు. అంతయు పెరటిలోనే రావలెనన్న పట్టుదల వలదు. ఉల్లి తాడేపల్లిగూడెం మార్కెట్టులో కొనుటయే లాభము. నల్లరేగడిలో వానకాలమున దానికై శ్రమపడుట వృథా. ఆకుకూర, తీగకూర, పూలు మాత్రము కొనకుండ గడుపవచ్చును.

గ్రామోద్యోగులు పాఠశాల, పంచాయతీ ఆవరణలలో ఇట్టి మడి ఒక్కటి వేయించినచో పదిమంది చూచి నేర్తురు. నారు, విత్తనముల విషయమై తాడేపల్లిగూడెం దాపున వెంకట్రామన్నగూడెములో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయము వారిని సంప్రదింపవచ్చును.

ఈ ఏడు ఒక చిన్న పుస్తకములో రెండు లెక్కలు వ్రాయుడు: పండుగలకు పెట్టిన ఖర్చు ఒక ప్రక్క, విత్తనములకు పెట్టిన ఖర్చు మరొక ప్రక్క. మరుసటి సంక్రాంతినాడు ఆ రెంటిని మీ ఇల్లాలితో కూర్చుండి పోల్చి చూడుడు. పెరడు ఎంత మిగిల్చినదో అప్పుడు తేటపడును.