నీళ్లు పోసి చూచు టోపీ

చెవులమీదికి దిగి, కొనను కుచ్చు వ్రేలాడు రంగురంగుల ఉన్ని టోపీ పెట్టుకొని పెద్దవాడొకడు వీధిలోనికి వచ్చినయెడల, మన గ్రామములలో పిల్లలు వెంటబడుదురు. అయితే దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, టిటికాకా సరస్సులోనున్న తకీలె ద్వీపమునందు అట్టి టోపీ లేనివాడే వింతగా కనబడును. ఆ చోటు సముద్రమట్టమునకు 3,800 మీటర్లకు పైన నున్నది గనుక చలి యెక్కువ.

అక్కడ టోపీ అల్లుట పురుషుల పని. మగపిల్లలు చిన్ననాటనే సూదులు పట్టుదురు. ఎఱ్ఱని టోపీ పెండ్లియైనవానిది. ఎరుపు తెలుపు కలిసినది పెండ్లికానివానిది. ఆ ద్వీపపు నేతను, అల్లికను 2005లో యునెస్కో మానవజాతి వారసత్వముగా ప్రకటించెను.

మనము ముఖ్యముగా గమనింపదగినది, వారు టోపీని పరీక్షించు విధము. పిల్లనడుగవచ్చిన యువకుడు తాను అల్లిన టోపీని, కాబోవు మామగారు తలక్రిందులుగా పట్టి నీళ్లు పోసి చూచునట. అల్లిక బిగువైనదైతే నీరు నిలుచును; వదులైనదైతే కారిపోవును. ఇక మొగమాటమునకు తావేది? (మన పెండ్లిచూపులలో ఇట్టి పరీక్ష పెట్టినయెడల ఎందరు వరులు నిలుతురో!)

మన యిండ్లలో ఎవరైన వింత టోపీ అల్లి చూపినప్పుడు, రంగు చూచి నవ్వుదుము. లేదా, నొచ్చుకొందురని ఊరకే మెచ్చుకొందుము. అల్లినవారికి రెండును నిష్ప్రయోజనమే. దానిని చేతికి తీసికొని వెలుతురునకు పట్టి చూడుడి. అంచు సాగదీసి వదలి, అది మరల దగ్గరకు వచ్చునేమో చూడుడి. ఉచ్చు జారిన చోటు చూపించినయెడల, వారు అంతవరకు విప్పి, ఆ దారముతోనే తిరిగి అల్లుకొందురు.