పాపిలరీ థైరాయిడ్ క్యాన్సర్ – చికిత్స, భవిష్యత్తు

మన మెడ ముందు భాగమున, స్వరపేటికకు దిగువగా, సీతాకోకచిలుక ఆకారము గల ఒక చిన్న గ్రంథి ఉన్నది. దీనినే థైరాయిడ్ లేక అవటు గ్రంథి అందురు. ఆహారములోని అయోడిన్‌ను గ్రహించి, జీవక్రియలను నియంత్రించు హార్మోనులను తయారుచేయుట దీని విధి. ఈ గ్రంథిలో పుట్టు క్యాన్సర్లలో పదింట సుమారు ఎనిమిది పాపిలరీ రకమునకు చెందినవే. ఇది పురుషులలో కంటె స్త్రీలలో సుమారు మూడు రెట్లు అధికము, యువతులలోను కనిపించును.

మెడపై లేచిన గడ్డను దుపట్టా చాటున దాచుకొని, పెండ్లి సంబంధము చెడునేమోయను భయముతో నెలలు గడుపు ఆడపిల్లలు మనలో ఉన్నారు. ముఖ్యముగా వారి కొరకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. థైరాయిడ్ గడ్డలలో అత్యధికము క్యాన్సర్లు కావు. స్కానింగు చేసి, సన్నని సూదితో కొన్ని కణములను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించినచో చాలావరకు నిజము తేలును.

చికిత్సలో మొదటిది శస్త్రచికిత్స. వ్యాధి వ్యాప్తిని బట్టి గ్రంథిలో సగమునో, మొత్తమునో తొలగింతురు. మెడలోని లింఫు గ్రంథులకు సోకినచో వానిని కూడ తీసివేయుదురు. స్వరమును నడుపు నరము, రక్తములోని కాల్షియమును క్రమపరచు పారాథైరాయిడ్ గ్రంథులు ప్రక్కనే ఉండుటచే అనుభవజ్ఞుడైన శస్త్రవైద్యుని ఆశ్రయించుట మేలు.

అవసరమైన వారికి పిమ్మట రేడియో అయోడిన్ ఇత్తురు. అయోడిన్‌ను పీల్చుకొనుట థైరాయిడ్ కణముల స్వభావము. క్యాన్సరుగా మారినను అవి తరచు ఆ స్వభావమును విడువవు. అందుచే మిగిలిన కణములు అయోడిన్ 131ను తమంత తామే గ్రహించి, దాని కిరణములచే నశించును. ఎనిమిది దినములకు దాని శక్తి సగమగును. గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు మాత్రము దీనిని ఈయరాదు.

గ్రంథి మొత్తము తీసినవారు జీవితాంతము ప్రతిదినము పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకొనవలెను. వ్యాధి ఏండ్ల తరువాత కూడ తిరుగబెట్టవచ్చును గనుక థైరోగ్లోబులిన్ రక్తపరీక్ష, మెడ స్కానింగు వైద్యుడు చెప్పిన గడువులలో చేయించుకొనుట తప్పనిసరి.

ఇక భవిష్యత్తు విషయము. అమెరికా గణాంకముల ప్రకారము, గ్రంథికే పరిమితమై యుండగా వ్యాధిని కనుగొన్నచో ఐదేండ్ల మనుగడ నూటికి 99 పైమాటే. 55 ఏండ్ల లోపు వారిలో, మెడలోని లింఫు గ్రంథులకు వ్యాపించినను దానిని మొదటి దశగానే లెక్కింతురు. వృద్ధులలో, దూరపు అవయవములకు ప్రాకినవారిలో ప్రమాదము హెచ్చు.

చికిత్స పొందిన యువతులు వివాహమాడి తల్లులగుటకు సాధారణముగా ఆటంకము లేదు. రేడియో అయోడిన్ తీసుకొన్నవారు వైద్యుడు చెప్పిన కొన్ని నెలలు మాత్రము ఆగవలెను. కావున విద్యార్థినీ విద్యార్థులారా! గడ్డను దాచుటలో గౌరవము లేదు. ఇంటి పెద్దలకు చెప్పి సకాలమున వైద్యుని దర్శింపుడని మా మనవి.